ముందు పనులు రాయండి, పేర్లు తర్వాత

(విజయనగరంలో ఒక ఆదివారం, కాలేజీల వ్యాయామ అధ్యాపకులకీ బాస్కెట్‌బాల్ ఆడే విద్యార్థులకీ జరిగిన శిక్షణలో రిటైరైన పిడి (ఫిజికల్ డైరెక్టర్) మాస్టారు ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నువ్వు కాదు బావూ, నువ్వక్కడే ఉండు. నువ్వు ముందు కూర్చుంటే నీ వెనకవాళ్లకి నేను కనపడను. ఎంత పొడుగున్నావు? ఆరడుగుల రెండంగుళాలా. ఏ పొజిషను? సెంటరు. నువ్వు సెంటరని ఎవరు చెప్పారు? మీ పిడి మాస్టారు. ఎందుకు చెప్పారు? పొడుగున్నావని. సరే, కూర్చో.

ఈ అబ్బాయి దగ్గరే మొదలుపెడదాం. పొడుగున్నవాడు సెంటరు, అంటే రింగు కింద ఆడేవాడు, పొట్టిగా చురుగ్గా ఉన్నవాడు పాయింట్ గార్డు, అంటే బంతి తీసుకెళ్లేవాడు, మిగిలినవాళ్లు మధ్యలో. మనం చేసేది ఇదే కదండీ? దీన్ని టీం ఎంపిక అంటారా? ఎన్.సి.సి. పెరేడ్‌లో పొడుగు ప్రకారం నిలబెట్టడం అంటారు. నేనేమీ వేరే కాదు, పాతికేళ్లు నేనూ ఇదే చేశాను. అందుకే ధైర్యంగా చెప్తున్నాను.

అసలు మన రెండు జిల్లాల్లో, విజయనగరం కానీ శ్రీకాకుళం కానీ, కాలేజీ టీం ఎలా తయారవుతుంది? నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తాం. సాయంత్రం నాలుగున్నరకి పద్నాలుగు మంది వస్తారు. వాళ్లలో స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లు ముగ్గురుంటే అదృష్టం. నలుగురు కబడ్డీవాళ్లు, ఇద్దరు వాలీబాల్, క్రికెట్ టీంలో చోటు దొరక్క వచ్చినవాడొకడు, మిగతావాళ్లు స్నేహితుడు వస్తున్నాడని వెంట వచ్చినవాళ్లు. ఐదున్నర పల్లెవెలుగు బస్సు తప్పితే ఊరు చేరలేరు కాబట్టి ముగ్గురు ఐదుంపావుకే బ్యాగు తగిలించుకుంటారు. నవ్వకండి, ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. ఇదీ మన సరుకు. ఈ సరుకుతో ఐదుగుర్ని నిలబెట్టాలి, పన్నెండు మందిని పట్టుకెళ్లాలి.

పొద్దున మీకు కాగితాలిచ్చి మీ టీంలో ఐదుగుర్ని రాయమన్నాను కదా. అన్నీ చూశాను. ఒక్కరైనా పేర్లు కాకుండా ఇంకోటి రాశారా? లేదు. అందరూ పేర్లే రాశారు. పేర్లు ముందు రాస్తే ఏమవుతుందంటే, ఆ పేర్లకి సరిపడా పనులు మనమే కల్పించుకుంటాం. నేను రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టుకునేవాణ్ణి. ఎడమ పేజీలో పనులు. కుడి పేజీ ఖాళీ. ఎడమ పేజీ నిండేదాకా కుడి పేజీ ముట్టుకోను. నేను చెప్పడానికి వచ్చింది ఇంతే. ఇక ఆ ఎడమ పేజీలో ఏముంటుందో చెప్తాను.

మొదటి పని, బంతిని మన సగం నుంచి అవతలి సగంలోకి చేర్చడం. ఎన్ని సెకన్లలో? ఎనిమిది. ఎనిమిది సెకన్లు చాలా ఎక్కువనిపిస్తుంది, మీ ముందు చేతులు చాపుకుని ఎవడూ లేకపోతే. అవతలివాళ్లు ప్రెస్ వేసి, అంటే మన సగంలోకే వచ్చి కాస్తూ, ఇద్దరు మీద పడ్డారనుకోండి, అప్పుడు మీ టీంలో డ్రిబుల్, అంటే బంతిని నేలకి కొడుతూ పరుగెత్తడం, చెయ్యగలిగినవాడు ఒక్కడే ఉంటే అంతే సంగతులు. అందుకే నా పుస్తకంలో ఈ పని ఎదురుగా రెండు గీతలుంటాయి. ఒక పేరు కాదు, రెండు. కోర్టులో ఏ ఐదుగురున్నా సరే, బంతి తీసుకెళ్లగలిగినవాళ్లు ఇద్దరుండాలి. మళ్లీ చెప్తున్నాను, ఏ ఐదుగురున్నా. మొదటి ఐదుగుర్ని బాగానే దింపుతాం. రెండో క్వార్టర్లో ఇద్దర్ని మార్చేసరికి డ్రిబుల్ చేసేవాళ్లిద్దరూ బెంచి మీద పక్కపక్కన కూర్చుని నీళ్లు తాగుతుంటారు. ఎన్నిసార్లు జరగలేదు ఇలా?

రెండోది రీబౌండు, అంటే పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం. మూడోది, బయట నుంచి భయపెట్టేవాడు. 6.75 మీటర్ల దూరంలో ఉండే మూడు పాయింట్ల గీత బయట నిలబడి పదిలో మూడు వేసినా చాలు, వాణ్ణి కాసేవాడు రింగు కిందకి పోలేడు. బయట నుంచి వెయ్యలేనివాళ్లు నలుగుర్ని ఒకేసారి దింపితే అవతలి ఐదుగురూ రింగు కిందే కాపురం పెడతారు, మీ సెంటరుకి ఊపిరాడదు. అప్పుడు మనం సెంటర్ని తిడతాం. నాలుగోది, వాళ్లలో బాగా ఆడేవాణ్ణి అంటిపెట్టుకుని ఉండేవాడు.

ఐదో పని ఎవరూ రాయరు. అరవడం. అవునండీ, అరవడమే. వెనక నుంచి స్క్రీన్ వస్తోందని, అంటే దారికి అడ్డంగా ఒకడొచ్చి నిలబడుతున్నాడని, కాసేవాడికి కనపడదు కదా, ఎవరో ఒకరు 'ఎడం పక్క స్క్రీన్!' అని అరవాలి. మా టీంలో ఒకడుండేవాడు. వాళ్ల నాన్నగారు రైతుబజారులో కూరగాయలు అమ్మేవారు, వీడు చిన్నప్పటి నుంచీ ఆ పక్కన నిలబడి కేకలు వేసినవాడు. ఆట మధ్యస్తం. గొంతు మాత్రం కోట గోడకి కొడితే తిరిగొచ్చేది. వాడు కోర్టులో ఉంటే మిగతా నలుగురికీ వీపు మీద కళ్లున్నట్టుండేది. వాణ్ణి తీసేస్తే ఐదుగురూ మౌనవ్రతం. స్కోర్ షీట్‌లో వాడి పేరెదురుగా రెండు పాయింట్లో నాలుగు పాయింట్లో ఉండేవి. మా ప్రిన్సిపాల్ గారు ఒకసారి ఆ షీట్ చూసి, 'ఈ కుర్రాణ్ణి ఎందుకు ఆడిస్తున్నారు మాస్టారూ' అన్నారు. ఏం చెప్తాను? మ్యాచ్‌కి రండి సార్, వినండి అన్నాను. చూడండి అనలేదు, వినండి అన్నాను.

ఇలా పనులు వేరు చెయ్యడం నా సొంత తెలివి కాదు. ఈ ఆట పుట్టిన రోజే ఉంది. 1891 డిసెంబరు, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు, ఆయనా మనలాంటి పిడి మాస్టారే, క్లాసులో 18 మంది ఉన్నారని అటు తొమ్మండుగురు, ఇటు తొమ్మండుగుర్ని పెట్టాడు. పీచు పళ్ల బుట్టలు జిమ్ బాల్కనీ అంచుకి కొట్టించాడు. ఆ తొమ్మిది మందిని కూడా ఊరికే వదిలెయ్యలేదు. ముగ్గురు ముందు, ముగ్గురు మధ్య, ముగ్గురు వెనక అని పని పంచాడు. గార్డు, సెంటరు, ఫార్వర్డు అనే పేర్లు అప్పటివి. మరి ఆ మొదటి మ్యాచ్ స్కోరెంతో తెలుసా? ఒకటి, సున్నా. మన ఫస్టియర్ పిల్లలు కొంచెం నయమే.

సరే, ఇప్పుడు కుడి పేజీకి వద్దాం. పేర్లు.

ఇక్కడ మనల్ని మోసం చేసేది పాయింట్లు. 'మాస్టారూ, నేను మొన్నటి మ్యాచ్‌లో ఇరవై కొట్టాను, నన్నెందుకు తీశారు?' అని ఒకడు నా దగ్గరికొచ్చాడు. ఎన్ని షాట్లకి కొట్టావు నాన్నా అన్నాను. తెలీదన్నాడు. షీట్ తీశాను. లోపల నుంచి 25 షాట్లు వేశాడు, తొమ్మిది పడ్డాయి. అంటే పద్దెనిమిది. ఫ్రీ త్రోలు రెండు. మొత్తం ఇరవై. మరి పడని పదహారు ఎటుపోయాయి? అందులో ఎక్కువ భాగం అవతలివాళ్ల చేతిలో పడ్డాయి, వాళ్లు పరుగెత్తుకెళ్లి మన రింగులో వేశారు. అదే మ్యాచ్‌లో ఇంకొకడు ఎనిమిది షాట్లలో ఆరు వేసి పన్నెండు కొట్టాడు. ఇద్దర్లో ఎవరు మంచి ఆటగాడు? కాలేజీ అంతా ఇరవై కొట్టినవాడే అంటుంది. నన్నడిగితే, పన్నెండు కొట్టినవాడికి ఇంకో నాలుగు షాట్లు ఎందుకు రాలేదు అని అడుగుతాను. ఎవరు ఎన్ని కొట్టారు అన్నది సగం మాటే, ఎన్నిటికి అన్నది రెండో సగం. ఆ రెండో సగం రాయడానికి ఒక పిల్లనో పిల్లాణ్ణో కాగితం పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టండి. యాప్‌లూ కంప్యూటర్లూ అక్కర్లేదు.

ఇక కబడ్డీ పిల్లలు, వాలీబాల్ పిల్లలు. వాళ్లకి బాస్కెట్‌బాల్ రాదని మనం ఏడుస్తాం. రాని పని ఎందుకివ్వాలండీ? వచ్చిన పనివ్వండి. కబడ్డీలో రైడరు వచ్చినప్పుడు యాంటీలు, అంటే కాసేవాళ్లు, ఎలా నిలబడతారు? మోకాళ్లు వంచి, మడమలు ఎత్తి, పక్కకి పక్కకి జరుగుతూ, కళ్లు రైడరు నడుము మీద. అవునా? బాస్కెట్‌బాల్‌లో డిఫెన్స్ అంటే అదే కదా! ఆ నిలబడటం నేర్పడానికి మామూలు పిల్లాడికి మనకి ఆర్నెల్లు పడుతుంది, వీడు పుట్టుకతో నేర్చుకొచ్చాడు. ఒకటే చిక్కు. చెయ్యి ఆగదు. మనిషి దగ్గరికి రాగానే పట్టేస్తాడు. రాజాం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో ఆరు నిమిషాలకే ఐదు ఫౌళ్లు చేసి బయటికొచ్చి కూర్చుని, 'ఇదేటి మాస్టారూ, మనిసిని ముట్టుకుంటే తప్పా, మరి ఎలాగ ఆపాలి' అన్నాడు. నిజంగా అర్థం కాక అడిగాడు, పాపం.

ఏం చేశామంటే, వాడి మెడలో తువ్వాలు వేసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోమన్నాం. తువ్వాలు వదలకూడదు. అలా పట్టుకునే ఎదుటివాణ్ణి కాయాలి. కాళ్లతోనే కాయాలి. మూడు వారాలు. వాలీబాల్ పిల్లాడిది ఇంకో కథ. ఎగురుతాడు, అందరి కన్నా పైన చెయ్యి ఉంటుంది, కానీ బంతిని పట్టడు, కొడతాడు. అలవాటు! పట్టు, పట్టు అని గొంతు పోయేలా అరిచి, చివరికి నాకే బుద్ధొచ్చింది. పట్టొద్దు నాన్నా, కొట్టు, కానీ ఎప్పుడూ రింగుకి కుడి పక్కకే కొట్టు, అక్కడ మనవాడొకణ్ణి నిలబెడతాను అన్నాను. అంతే. వాడు కొట్టడం, మనవాడు పట్టడం. అటాకింగులో అలా బంతి మళ్లీ మనకి దొరికితే షాట్ వెయ్యడానికి ఇంకో 14 సెకన్లు వస్తాయి. వాడి పనల్లా అదే. ఆ పని వాడంత బాగా చేసినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను సంగతి తేకుండా ఈ ఊళ్లో ఏ సభా ముగియదు కాబట్టి నేనూ తెచ్చేస్తాను. మాను చివర కూర్చున్న పూజారిని లక్షల మంది చూస్తారు. కింద తాళ్లు పట్టుకున్నవాళ్ల మొహాలు ఎవరికైనా గుర్తున్నాయా? స్క్రీన్ పెట్టేవాడు అలాంటివాడు. గుద్దులు తింటాడు, మనవాడు ఖాళీ దొరికి షాట్ వేస్తాడు, చప్పట్లు షాట్ వేసినవాడికి. కనీసం మాస్టారుగా మీరైనా ఆ స్క్రీన్ పెట్టినవాడి పేరు పెట్టి పిలిచి మెచ్చుకోండి, అందరి ముందూ. నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ అనే కోచ్, మైఖేల్ జోర్డన్‌కి కాలేజీలో కోచ్ ఆయన, తన పిల్లలకి ఒక అలవాటు నేర్పాడు. బాస్కెట్ వేసినవాడు వెంటనే తనకి పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. ఖర్చు లేని పని. రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.

రెండు వందల నిమిషాల లెక్క

ఈ బోర్డు మీద ఒక లెక్క రాస్తాను. మ్యాచ్ ఎంతసేపు? పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, 40 నిమిషాలు. కోర్టులో ఐదుగురు. ఐదు నలభైలు రెండు వందలు. మీ దగ్గరున్న డబ్బు ఇంతే అనుకోండి, 200 నిమిషాలు. ఖర్చు పెట్టండి. చాలామంది ఎలా ఖర్చు పెడతారు? ఐదుగురికీ తలా నలభై ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. మీట్‌కి, అంటే కాలేజీల పోటీలకి, వెళ్తే పొద్దున ఒక మ్యాచ్, సాయంత్రం ఒకటి, ఎండ సంగతి మీకు తెలిసిందే, సిమెంటు కోర్టు. సాయంత్రం మ్యాచ్ నాలుగో క్వార్టర్లో మీ ఐదుగురి కాళ్లు ఉంటాయా?

నేను వేసేది ఇలా. మొదటి ఐదుగురికి 30, 30, 28, 26, 26. కూడితే 140. మిగిలింది 60. ఆరోవాడికి 22, ఏడోవాడికి 18, ఎనిమిదోవాడికి 14, తొమ్మిదోవాడికి ఆరు. సరిపోయిందా? ముందే కాగితం మీద రాసుకోండి. మ్యాచ్‌లో మారుతుంది, మారనివ్వండి. కానీ రాసుకోకపోతే ఏమవుతుందంటే, మ్యాచ్ బిగిసేసరికి మనకి భయం పట్టుకుంటుంది, భయం పట్టుకుంటే సబ్‌స్టిట్యూషన్ అన్న మాటే మర్చిపోతాం.

డీన్ స్మిత్ దగ్గర ఇంకో ఏర్పాటుండేది. అలసిపోయిన ఆటగాడు పిడికిలి ఎత్తి చూపిస్తే వెంటనే బయటికి తీసేవారు. మంచి విషయం ఏంటంటే, అలా తనంతట తను అడిగి వచ్చినవాడు ఊపిరి తీసుకున్నాక తనే చెప్పి మళ్లీ లోపలికి వెళ్లేవాడు. మన పిల్లలెందుకు అలసిపోయామని చెప్పరు? చెబితే మళ్లీ దింపరని భయం. నేను ఈ పద్ధతి పెట్టిన మొదటి రోజు ఒకడు ఆరుసార్లు పిడికిలి ఎత్తాడు, అది వేరే సంగతి.

అమ్మాయిల టీం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి అక్కడ పన్నెండు మంది రారు. ఏడుగురొస్తారు. 200ని ఏడుతో భాగించండి. తలకి ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు. పైగా ఒకమ్మాయి ఐదు ఫౌళ్లతో వెళ్లిపోతే ఆరుగురు. అందుకని ఏడుగురితో కోర్టంతా ప్రెస్ వేస్తానని కలలు కనొద్దు. 2-3 జోన్ వేసుకోండి, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు ఎవరి చోటు వాళ్లు కాయడం, నిదానంగా ఆడండి.

కానీ ఒక కథ చెప్తాను. పాలకొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, ఖోఖో పిల్ల. ఐదడుగులు కూడా ఉండదు. మొదటి రోజే చెప్పేసింది, 'మాస్టారూ, నాకు గురి నేదు, నాను బాలు ఎయ్యనేను' అని. నిజమే, రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటే ఆ పిల్ల వేసిన బంతి వలకి కింద నుంచి తగిలేది. కానీ వంగి పరుగెత్తి ఒక్క కాలి మీద దిశ మార్చడం ఉంది చూశారా, అది ఖోఖో వాళ్ల దగ్గరే చూడాలి. నిన్ను బాలు వెయ్యమని ఎవరన్నారమ్మా అన్నాను. అవతలి టీంలో బాలు పట్టుకొచ్చే అమ్మాయి ఒకతె ఉంటుంది, ఆ అమ్మాయి వెనకాల పోల్ తిరిగినట్టు తిరుగు, మూడు నిమిషాలు, తర్వాత నిన్ను తీసేస్తాను. మళ్లీ క్వార్టర్లో మూడు నిమిషాలు. మొత్తం పన్నెండు నిమిషాలు, అంతే. నువ్వు ఒక్క షాట్ కూడా వెయ్యక్కర్లేదు.

ఆ పిల్ల మొహం చూడాలి మీరు. వెయ్యక్కర్లేదు అనేసరికి కొండ దిగినట్టయింది. మొదటి మ్యాచ్‌లో అవతలి గార్డు ఎనిమిది సెకన్ల లోపల సగం దాటలేక రెండుసార్లు బంతి పోగొట్టుకుంది, మూడోసారి విసుగొచ్చి మా పిల్లని తోసేసి ఫౌలు చేసింది. మా అమ్మాయి లేచి నిక్కరు దులుపుకుని బెంచి వైపు చూసి, 'మూడు నిమిషాలయిపోనాయా?' అంది. అంటే ఇంకా ఉంటానని. చూశారా? చిన్న పని, స్పష్టంగా చెప్పిన పని, కొలత ఉన్న పని. రెండో సంవత్సరానికి లే-అప్, అంటే పరుగెత్తుకెళ్లి రింగు దగ్గర నుంచి వెయ్యడం, కూడా నేర్చుకుంది, ఎడమ చేత్తో కూడా.

చివరి నాలుగు నిమిషాలు

మీ పిల్లలు ఏడ్చేది ఎందుకు? మొదటి ఐదుగురిలో పేరు లేదని. మ్యాచ్ మొదలయ్యే ముందు ఫొటో తీస్తారు, అందులో ఉండాలి. మొదటి ఐదుగురికి మనం ఇచ్చినంత విలువ ఆట ఇవ్వదండీ. నాలుగో క్వార్టరు, చివరి నాలుగు నిమిషాలు, స్కోరు దగ్గర దగ్గరగా ఉంది. అప్పుడు కోర్టులో ఎవరున్నారు? నాకు అదే అసలు టీం. నోట్‌బుక్‌లో దానికి వేరే పేజీ.

2015 ఎన్.బి.ఎ. ఫైనల్స్, అమెరికాలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అది. గోల్డెన్ స్టేట్ జట్టులో ఆండ్రే ఇగువడాలా. అంతకు ముందు సీజన్ వరకూ ఆడిన ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలో ఉన్నవాడు. ఆ సీజన్‌లో కొత్త కోచ్ స్టీవ్ కెర్ బెంచి మీద నుంచి రమ్మన్నాడు. లీగ్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు. ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ మీద 1-2తో వెనకబడ్డారు. నాలుగో మ్యాచ్‌కి పొడుగాటి సెంటరు బోగట్‌ని పక్కన పెట్టి ఇగువడాలాని మొదట్నుంచీ దింపారు. పొడుగు తగ్గించారు! వరసగా మూడు గెలిచి కప్పు పట్టుకెళ్లారు, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు ఇగువడాలా. అయితే ఒకటి, వాళ్లు అక్కడ కోట్లు తీసుకుంటారు, ఓపిక పట్టగలరు. మన పిల్లాడికి ఉన్నదల్లా ఆ ఫొటో. అందుకే ముందే కూర్చోబెట్టి చెప్పాలి, నువ్వు మొదలుపెట్టవు, ముగిస్తావు అని. చెప్పకపోతే వాడు అలిగి కూర్చుంటాడు, అందులో వాడి తప్పు లేదు.

ముగించే ఐదుగుర్ని ఎలా ఎంచుకోవాలి? ఒకటి, ఫ్రీ త్రోలు. ఒక క్వార్టర్లో టీం ఫౌళ్లు నాలుగు దాటాయంటే ఐదోదాని నుంచి రెండేసి ఫ్రీ త్రోలు. చివర్లో వెనకబడ్డవాళ్లు కావాలని ఫౌలు చేస్తారు, ఎవడికి? వెయ్యలేనివాడికి. కాబట్టి వెయ్యలేనివాడు అక్కడ ఉండకూడదు, వాడెంత పొడుగున్నా సరే. ఎవరు వెయ్యగలరో ఎలా తెలుస్తుంది? ప్రాక్టీసు మొదట్లో చల్లగా నిలబడి వేయించకండి. పది రౌండ్లు పరుగెత్తించి, ఊపిరి తిరక్కముందే తలా పది వేయించండి, రాయండి.

రెండు, ఆట ఆగినప్పుడు గీత బయట నిలబడి బంతిని కోర్టు లోపలికి, మనవాడికి వేసేవాడు. ఈ పని ఎవడికి పడితే వాడికి ఇచ్చేస్తాం. 2016 ఏప్రిల్, అమెరికా కాలేజీ ఫైనల్, విల్లనోవాకీ నార్త్ కరోలినాకీ. 74-74. మిగిలింది 4.7 సెకన్లు. జెన్కిన్స్ అనే కుర్రాడు బంతి లోపలికి వేశాడు. సీనియరు గార్డు ఆర్చిడియాకనో డ్రిబుల్ చేసుకుంటూ వెళ్లాడు. అందరి కళ్లూ అతని మీదే, వాడే వేస్తాడని. అతను వెయ్యలేదు. వెనక పరుగెత్తుకొచ్చిన జెన్కిన్స్‌కి చిన్న పాస్. మూడు పాయింట్ల షాట్, గంట మోగింది, 77-74. బంతి లోపలికి వేసినవాణ్ణి ఎవరూ కాయరండీ! మీ పిల్లలకి ఇది చూపించండి, వీడియో దొరుకుతుంది. జెన్కిన్స్‌ని కాదు, ఆర్చిడియాకనోని చూడమనండి.

ఫౌళ్ల గురించి ఒక్క మాట. రెండో క్వార్టర్లో మూడు ఫౌళ్లయ్యాయని మంచి ఆటగాణ్ణి తీసేసి నాలుగో క్వార్టరు దాకా దింపరు. మ్యాచ్ అయ్యేసరికి వాడికి మూడు ఫౌళ్లే ఉంటాయి, మనం ఓడిపోయి ఉంటాం. ఐదో ఫౌలు చేస్తే ఆట పోతుందని భయపడి మనమే ఆట తీసేశాం. కాసేపు కూర్చోబెట్టండి, మూడో క్వార్టర్లో దింపెయ్యండి, తువ్వాలు గుర్తు చెయ్యండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. సిఫార్సులు. ఫలానా వారి అబ్బాయి, కెప్టెను చెయ్యండి అని ఫోను వస్తుంది. మనందరికీ వచ్చింది. ఈ ఊళ్లో నిలబడి విజ్జీ గారి మాట ఎత్తడం సాహసమే, ఆయన పేరు మీద స్టేడియం ఉన్న ఊరు. అయినా ఎత్తుతాను. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెను మన విజయనగరం మహారాజకుమారుడు. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు, సగటు 8.25. అంతకు నాలుగేళ్ల ముందు మన మొదటి టెస్టుకి కెప్టెన్సీ చేసిన సి.కె. నాయుడు ఆయన కింద ఆడారు. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు రాకముందే ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడాం. మరి విజ్జీ గారు క్రికెట్‌కి పనికిరానివారా? కాదే! ఆటకి డబ్బు పెట్టారు, తర్వాత క్రికెట్ బోర్డుకి అధ్యక్షులయ్యారు. ఆయనకి తగ్గ పని ఒకటుంది, ఆయన చేతికి వచ్చింది ఇంకొకటి. ఫోను చేసినవారికి నేను అదే చెప్పేవాణ్ణి, మీ అబ్బాయికి పని ఇస్తాను సార్, ఏ పనో నన్ను చూడనివ్వండి అని. కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన నాతో మాట్లాడటం మానేశారు.

ఒకటి మిగిలింది. ఇందాకటి లెక్కలో తొమ్మండుగురే ఉన్నారు. పన్నెండులో మిగతా ముగ్గురు? ఎవరూ అడగలేదేం?

నేనూ అడగలేదు, చాలా ఏళ్లు. ఒక మీట్‌కి వెళ్లాం. పదకొండో వాడిగా ఒక సెకండియర్ కుర్రాణ్ణి తీసుకెళ్లాను. మూడు మ్యాచ్‌లు, ఒక్క నిమిషం దింపలేదు. రెండో మ్యాచ్ ముందు నా దగ్గరికొచ్చి, 'నా పనేటి మాస్టారూ?' అన్నాడు. కూర్చో, చెప్తాను అన్నాను. చెప్పలేదు. మూడో మ్యాచ్ నాలుగు పాయింట్లతో ఓడిపోయాం, వాళ్ల గార్డొకడు చివరి క్వార్టర్లో మమ్మల్ని తినేశాడు. తిరిగొచ్చాక ఆ కుర్రాడు సోమవారం ప్రాక్టీసుకి రాలేదు, మంగళవారం రాలేదు, ఇక రాలేదు. నేను కూడా అడగలేదు. నిజం చెప్పాలంటే, ఒకడు తగ్గాడు అనుకున్నాను.

ఏడెనిమిదేళ్ల తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ తాగుతుంటే పలకరించాడు. ఉద్యోగం, పెళ్లి, పిల్ల అన్నీ చెప్పాడు. టీ డబ్బులు వాడే ఇచ్చాడు. గ్లాసు పెట్టేసి వెళ్తూ వెళ్తూ అన్నాడు, 'ఆ మూడో మ్యాచ్‌లో వాళ్ల గార్డు ఎడం చేతి పక్కకే ఎల్లేవాడు మాస్టారూ. ఒక్కసారి కూడా కుడి పక్కకి ఎల్లలేదు. మొదటి క్వార్టర్నుంచే చూసేను. చెబుదామనుకున్నాను. నన్నెవరూ అడగనేదు.'

గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పట్నుంచీ ఎడమ పేజీలో కింద మూడు గీతలు ఎక్కువ గీశాను. పదోవాడు, పదకొండోవాడు, పన్నెండోవాడు. తలా ఒక చీటీ, తలా ఒక ఎదుటి ఆటగాడు. ఎటు పక్కకి వెళ్తున్నాడు, ఏ చేత్తో వేస్తున్నాడు, అలసినప్పుడు ఏం చేస్తున్నాడు. క్వార్టరు బ్రేక్‌లో ముందు మాట్లాడేది వాళ్లు, తర్వాత నేను. బ్రేక్ రెండు నిమిషాలే, అందులో ముప్ఫై సెకన్లు వాళ్లవి. మీరు కూడా ముందు ఆ ముగ్గురి పనులు రాయండి, అవి రాయడమే కష్టం, మిగతావి వాటంతటవే వస్తాయి.

సరే, ఎండ దిగింది. కోర్టు మీద ఆకులున్నాయి, ఎవరో ఒకరు ఊడవండి. ఆరడుగుల రెండంగుళాల బావూ, లే. నువ్వే ముందు. బాలు తీసుకో, ఈ చివర నుంచి డ్రిబుల్ చేసుకుంటూ సగం గీత దాటు, ఇద్దరు నీ మీదకి వస్తారు. ఎనిమిది సెకన్లు నేను లెక్కపెడతాను. నువ్వు సెంటరో కాదో తర్వాత చూద్దాం.